సెదోవ్ వెళ్ళిన దారి పట్టుకుని పీటర్స్‌బర్గ్ నుంచి అర్ఖాంగెల్స్క్ దాకా

మంగళవారం, సెయింట్ పీటర్స్‌బర్గ్

ముందే చెప్పేస్తున్నా, హెర్మిటేజ్ ఫోటోలు, పీటర్‌హాఫ్ ఫౌంటెన్లు ఇందులో ఉండవు, అవి నెట్ నిండా దొరుకుతాయి. మేం ఇంత దూరం వచ్చింది ఒక్క మనిషి కోసం. పేరు గియోర్గీ సెదోవ్. వందేళ్ళ కిందటి రష్యా నేవీ ఆఫీసరు, ఉత్తర ధ్రువానికి వెళ్తూ దారిలో చనిపోయినవాడు. చేసే పని హైడ్రోగ్రఫీ, అంటే సముద్రం లోతు కొలవడం, తీరం ఎక్కడ ఎలా వంకర తిరిగిందో కొలతలతో గీయడం. 2024 ఫిబ్రవరిలో మా వైజాగ్‌లో ఐఎన్ఎస్ సంధాయక్ అని సర్వే షిప్పుని నేవీలో చేర్చారు కదా, అది చేసేదీ ఈ పనే. సెదోవ్ రోజుల్లో సోనార్, అంటే శబ్దంతో లోతు కొలిచే యంత్రం, లేదు, తాడూ సీసం గుండూ, అంతే.

నాతో వచ్చింది మా బావమరిది. మర్చంట్ నేవీలో సెకండ్ ఆఫీసరు, అంటే షిప్పులో చార్టులు, అదే సముద్రం మ్యాపులు, అప్‌డేట్ చేసేది వీడే. అందుకే ఈ ట్రిప్ అనగానే లీవు మిగుల్చుకుని మరీ వచ్చాడు. ఈ-వీసా పని ఆన్‌లైన్‌లో అయిపోయింది గానీ మన బ్యాంకు కార్డులు ఏవీ ఇక్కడ పనిచేయవు, వెళ్ళేవాళ్ళు డాలర్లు క్యాష్ పట్టుకెళ్ళి అక్కడ మార్చుకోండి, ఇది మర్చిపోతే మాత్రం టీ కూడా తాగలేరు.

పొద్దున్నే వసీలియెవ్‌స్కీ ద్వీపం వెళ్ళాం. నేవా నది ఒడ్డున పొడుగ్గా సాగిపోయే పసుపు రంగు బిల్డింగు, నావల్ కోర్, ఇప్పటికీ నేవీ ఆఫీసర్లని తయారుచేసేది ఇక్కడే. ఎదురుగా నది గట్టు మీద క్రూజెన్‌స్టెర్న్ విగ్రహం, 1803 నుంచి 1806 దాకా రష్యా తరఫున మొదటిసారి ప్రపంచం చుట్టొచ్చిన కెప్టెన్. పాసింగ్ అవుట్‌కి ముందు కుర్రాళ్ళు ఈయనకి చారల బనీను తొడుగుతారట, అంత పెద్ద విగ్రహానికి సరిపడా బనీను కుట్టించడం కూడా ఒక ప్రాజెక్టే.

ఒకప్పుడు ఈ బిల్డింగులోకి వచ్చేది దాదాపు అందరూ జమీందార్ల పిల్లలే. సెదోవ్ అలా రాలేదు. పుట్టింది 1877లో అజోవ్ సముద్రం ఒడ్డున క్రివాయా కొసా అనే ఊరు, నాన్న చేపలు పట్టేవాడు, పద్నాలుగేళ్ళ దాకా అక్షరం ముక్క రాదు. తర్వాత చర్చి బడిలో చేరి మూడేళ్ళ చదువు రెండేళ్ళలో ముగించి, ఇంట్లో చెప్పకుండా రొస్తోవ్ పారిపోయాడు. నాటికల్ క్లాసుల్లో సీటు కావాలంటే ముందు మూడు నెలలు షిప్పులో పనిచేసి రమ్మన్నారు, వెళ్ళి డెక్కు కడిగాడు. 1901లో నావల్ కోర్ పరీక్ష ప్రైవేటుగా రాసి పాసయ్యాడు. పాసయ్యాడు సరే, వార్డ్‌రూమ్‌లో, అంటే ఓడలో ఆఫీసర్లు కూర్చునే గదిలో, పక్కన కూర్చునేవాళ్ళకి మాత్రం చివరి దాకా జాలరి కొడుకే. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత ఆయన తీసుకున్న నిర్ణయాలు నాకైతే ఇక్కడి నుంచే అర్థమయ్యాయి.

ఆ ఊరికి ఇప్పుడు ఆయన పేరే, సెదొవొ. ఉక్రెయిన్ దొనెత్స్క్ ప్రాంతం, రష్యా ఆధీనంలో ఉంది, యుద్ధం నడుస్తున్న చోటు కాబట్టి అటు వెళ్ళే ఊసే ఎత్తలేదు.

సాయంత్రం వంతెన దాటి అడ్మిరాల్టీ, అంటే అప్పటి నేవీ ప్రధాన కార్యాలయం, దగ్గర కూర్చున్నాం. బంగారు సూది లాంటి ఆ శిఖరం కింద ఉన్న ఆఫీసుల్లోనే అప్పట్లో హైడ్రోగ్రఫీ డిపార్ట్‌మెంట్ నడిచేది, సెదోవ్‌ని ఉత్తరానికి పంపిందీ వీళ్ళే, 1910లో పెళ్ళి జరిగింది కూడా ఇక్కడి అడ్మిరాల్టీ చర్చిలోనే. రాత్రి పదకొండు దాటినా పేపరు చదువుకునేంత వెలుతురు. మా బావమరిదికి నిద్ర పట్టక నన్నూ పడుకోనివ్వలేదు.

బుధవారం, మరాతా వీధి

ఆర్కిటిక్, అంటార్కిటిక్ మ్యూజియం. సోమ, మంగళవారాలు సెలవు, చూసుకుని వెళ్ళండి. మెట్రోలో వ్లదీమిర్‌స్కాయా దగ్గర దిగితే నడిచే దూరం. బయట నుంచి చూస్తే చర్చిలా ఉంటుంది, ఎందుకంటే అది చర్చే, 1937లో మ్యూజియం చేశారు. లోపల గుమ్మటం కింద చిన్న విమానం ఒకటి వేలాడుతుంటుంది, దేవుడి బొమ్మలు ఉండాల్సిన చోట మంచు ఎలుగుబంట్లు. 1937లో ఉత్తర ధ్రువం దగ్గర మంచు పలక మీద తేలుతూ బతికిన పపానిన్ బృందం డేరా కూడా ఇక్కడే ఉంది, నలుగురు అందులో నెలల తరబడి ఎలా ఉన్నారో ఊహకి అందదు.

మేం వెతుక్కుంటూ వెళ్ళింది ఒక కర్ర కోసం. 1914లో సెదోవ్ ఉత్తర ధ్రువం మీద పాతడానికి తీసుకెళ్ళిన జెండా కర్ర. పాతలేదు, దారిలోనే చనిపోయాడు. 1938లో ఆర్కిటిక్‌లోని రుడాల్ఫ్ ద్వీపంలో ఔక్ అనే చోట అక్కడి పోలార్ స్టేషన్ వాళ్ళకి ఈ కర్ర దొరికింది, దాని రాగి తొడుగు మీద సెదోవ్ యాత్ర పేరూ 1914 అనీ చెక్కి ఉంది. మనిషి మాత్రం దొరకలేదు. తర్వాత 1977 ఆగస్టు 17న ఆర్కిటికా అనే అణు ఐస్‌బ్రేకర్ (మంచు పగలగొట్టుకుంటూ వెళ్ళే ఓడ) మొట్టమొదటిసారి నీళ్ళ మీద ఉత్తర ధ్రువం చేరినప్పుడు ఈ కర్రని కూడా వెంట తీసుకెళ్ళి దీనికే జెండా ఎగరేశారు.

అందరూ అక్కడ ఆగి ఫోటో తీసుకుని ఎమోషనల్ అవుతారు. మా వాడు మాత్రం అక్కడ నుంచి మ్యాపుల వైపు వెళ్ళిపోయాడు. "బావా, ధ్రువం సంగతి వదిలెయ్, ఆయన వేసిన చార్టులు చూద్దాం పద" అన్నాడు. నిజానికి ఈ ట్రిప్పు మొత్తం మా ఇద్దరి మధ్య గొడవ ఇదే. హీరో అయింది ధ్రువం కోసం చనిపోయినందుకు, పనికొచ్చింది మాత్రం దానికి ముందు పదేళ్ళు కొలిచిన కొలతలు.

గురువారం, క్రోన్‌స్టాట్

బస్సులో డ్యామ్ మీదుగా గంట లోపే. నేవీ టౌను, పెద్ద నావల్ కథెడ్రల్, ఎదురుగా అడ్మిరల్ మకారోవ్ విగ్రహం, టూరిస్టులందరూ అక్కడే ఉంటారు. మేం చూడాల్సిన విగ్రహం వేరే, పాఖ్తూసోవ్‌ది, 1886లో పెట్టారు. చేతిలో మ్యాపు, పీఠం మీద మూడు మాటలు: ప్రయోజనం, సాహసం, శ్రమ. ఆర్కిటిక్‌లో నొవాయా జెమ్ల్యా అనే ద్వీపాల తూర్పు తీరాన్ని 1832 నుంచి 1835 మధ్య రెండు యాత్రల్లో కొలిచిన మనిషి. మొదటిసారి వెళ్ళింది డెక్కు కూడా పూర్తిగా లేని పడవలో, తనతో కలిపి పదిమంది, ఒడ్డుకి కొట్టుకొచ్చిన చెక్కలు ఏరుకుని కట్టుకున్న గుడిసెలో చలికాలం గడిపారు. రెండో యాత్ర నుంచి తిరిగొచ్చిన కొన్ని వారాలకే అర్ఖాంగెల్స్క్‌లో చనిపోయాడు, ముప్పై ఐదేళ్ళు.

ఈయన గోల ఎందుకంటే, సెదోవ్ 1902లో ఆర్కిటిక్‌లో మొదటి సర్వే డ్యూటీ చేసిన షిప్పు పేరు పాఖ్తూసోవ్. పీఠం మీద ఉన్న ఆ మూడు మాటల్లో మొదటిది ప్రయోజనం అని మా వాడు వేలు పెట్టి మరీ చూపించాడు. సరేరా బాబూ అన్నా.

రాత్రి లాదోజ్‌స్కీ స్టేషన్లో అర్ఖాంగెల్స్క్ ట్రైను ఎక్కాం.

శుక్రవారం, ట్రైన్లో

ఒక రోజు పైనే ప్రయాణం. ప్లట్స్‌కార్ట్ అంటే మన స్లీపర్ క్లాసు, తలుపుల్లేవు, పక్క బెర్తుల్లో కూడా మనుషులు, కానీ శుభ్రం మాత్రం అదరహో. బోగీకి ఒక ఆవిడ ఇన్‌చార్జి, గ్లాసు పట్టుకోడానికి లోహపు తొడుగు ఉన్న కప్పుల్లో టీ ఇస్తుంది, బోగీ చివర బాయిలర్లో వేడినీళ్ళు ఎప్పుడూ ఉంటాయి. బయట బర్చ్ చెట్లు, బురద, బర్చ్ చెట్లు, ఓ చెక్క ఇల్లు, మళ్ళీ బర్చ్ చెట్లు. నాకు క్యాబేజీ పిరోష్కీలు తప్ప స్టేషన్లలో తినడానికి ఏమీ దొరకలేదు, వాడు ఎండు చేప కొనుక్కుని బోగీ అంతా కంపు చేశాడు, ఎవరూ ఏమీ అనలేదు, అందరూ అదే తింటున్నారు.

లోతు కొలవడం ఎలాగో అడిగితే షూ లేసు ఊడదీసి తాళంచెవి కట్టి చూపించాడు. తాడు మీద కొలతకో గుర్తు, తోలుముక్క ఒకచోట గుడ్డపేలిక ఒకచోట, చీకట్లో కూడా చేత్తో తడిమి తెలుసుకోడానికి. సీసం గుండు అడుగున చిన్న గుంట, అందులో కొవ్వు పూస్తారు. గుండు అడుగు తాకినప్పుడు కొవ్వుకి ఇసుక అంటిందా బురద అంటిందా రాయి తగిలి ఖాళీగా వచ్చిందా చూసి రాసుకుంటారు, లంగరు పట్టేది లేనిదీ దాన్నిబట్టే. ఒక చోటయ్యాక పడవ కొంచెం జరిపి మళ్ళీ దించడం. తీరం మీద రెండు గుర్తులకి కోణం కొలిచి మనం ఎక్కడున్నామో కాగితం మీద పెట్టడం. మళ్ళీ దించడం. రోజంతా ఇదే, చేతులు గడ్డకట్టే నీళ్ళలో. "ఇందులో హీరోయిజం ఏం లేదు బావా, బోరు కొట్టకుండా చేయగలగడమే" అన్నాడు.

సెదోవ్ 1909లో తూర్పు సైబీరియాలోని కొలిమా నది ముఖం దగ్గర చేసింది ఇదే. యకూత్స్క్ నుంచి గుర్రాలూ రెయిన్‌డీర్లూ మారుతూ వెర్ఖొయాన్‌స్క్ కొండలు దాటి అక్కడికి చేరడమే ఒక కథ. నది సముద్రంలో కలిసే చోట ఇసుక మేట ఉంటుంది, దాని మీదుగా ఓడ పోగలదా లేదా అన్నది ప్రశ్న. కొలిచి పోగలదన్నాడు. 1911లో వ్లదివొస్తోక్ నుంచి కొలిమా అనే స్టీమరు నిజంగానే అక్కడికి సరుకు తీసుకెళ్ళింది. ఏడాదికి సరిపడా పిండీ ఉప్పూ కొండల మీదుగా మోసుకొచ్చుకునే ఊళ్ళకి అది ఎంత పెద్ద సంగతో ఆలోచించండి. దీనికి మాత్రం విగ్రహాలు లేవు.

మరుసటేడు 1910లో నొవాయా జెమ్ల్యా మీద క్రెస్తొవాయా అఖాతం సర్వే చేశాడు. అక్కడితో ఆగి ఉంటే మంచి సర్వే ఆఫీసరుగా రిటైరయ్యేవాడు, మేం ఈ ట్రైను ఎక్కేవాళ్ళం కూడా కాదు.

శనివారం, అర్ఖాంగెల్స్క్

ఊరు ఉత్తర ద్వినా నది ఒడ్డున, నది ఇక్కడ గోదావరంత వెడల్పు. గట్టు వెంట కిలోమీటర్ల కొద్దీ నడక దారి, పీటర్ ద గ్రేట్ విగ్రహం, జేబులోంచి 500 రూబుల్ నోటు తీసి పక్కన పెట్టి చూస్తే నోటు మీదున్నది ఇదే బొమ్మ. దోమలు మాత్రం మన కోనసీమ దోమల్ని మించాయి, జూన్‌లో వచ్చేవాళ్ళు ఓడోమాస్ తెచ్చుకోండి.

ఇక్కడ నుంచే 1912 ఆగస్టు 27న (పాత రష్యన్ క్యాలెండర్లో 14) సెదోవ్ ఓడ బయల్దేరింది. దాని వెనక కథ చెప్పాలి. ధ్రువానికి యాత్ర అని ఆ ఏడాది మార్చిలో అర్జీ పెట్టాడు. నిపుణుల కమిషన్ ప్లాను చూసి ఇది అయ్యే పని కాదంది, ప్రభుత్వం డబ్బు ఇవ్వలేదు. ఈయన ఆగలేదు. నోవొయె వ్రేమ్యా పత్రిక ఓనరు సువోరిన్ చందాల ఉద్యమం మొదలుపెట్టాడు, జార్ సొంతంగా 10,000 రూబుళ్ళు ఇచ్చాడు, పేపర్లలో రోజూ ఇదే. 1913లో జార్ల రోమనోవ్ వంశం పాలనకి మూడు వందల ఏళ్ళు, ఆ లోపు రష్యా జెండా ధ్రువం మీద ఉండాలని హడావిడి. ఏళ్ళ తరబడి రెడీ అవ్వాల్సింది నెలల్లో చేశారు. ఓడ స్వ్యతోయ్ ఫోకా, 1870లో కట్టిన నార్వే సీల్ వేట ఓడ, కారుతుంది. లోడు ఎక్కువై సామాను కొంత ఇక్కడి రేవులోనే దించేశారు. ఓనరు ఆఖరి నిమిషంలో నేను రానన్నాడు, సిబ్బందిలో చాలామంది దిగిపోయారు. వైర్‌లెస్ సెట్టు ఉంది, ఆపరేటర్ని ఇవ్వలేదు, కాబట్టి సెట్టు కూడా వదిలేశారు. కుక్కల్లో కొన్ని సైబీరియా నుంచి తెప్పించిన అసలు స్లెడ్జి కుక్కలు, మిగతావి ఇదే ఊరి వీధుల్లో కొన్నవి, అవి తొలి చలికాలమే చాలావరకు పోయాయి. సప్లై చేసిన ఉప్పుచేపా ఉప్పుమాంసం కుళ్ళిపోయిందని సముద్రంలోకి వెళ్ళాక బయటపడింది.

ఇంత తెలిసీ ఎందుకు బయల్దేరాడు అని గట్టు మీద కూర్చుని చాలాసేపు వాదించుకున్నాం. నా లెక్క ఇది: చందాలిచ్చిన వాళ్ళున్నారు, జార్ డబ్బుంది, పేపర్లున్నాయి, వెనక్కి తగ్గితే జాలరి కొడుకు అంతే అంటారు. జమీందారు కొడుకైతే వచ్చే ఏడాది వెళ్తానని ఉత్తరం రాసి పడుకునేవాడు. మా వాడు ఒప్పుకోలేదు. "కెప్టెన్ పరువు కోసం ఓడ తీయకూడదు బావా, ఎవరి కొడుకైనా."

సాయంత్రం వీధిలో తెలుగు వినబడి తిరిగి చూస్తే ఇక్కడ మెడిసిన్ చదువుతున్న కుర్రాడు, ఖమ్మం వైపు. సెదోవ్ పేరు వినలేదన్నాడు గానీ చలికాలం గురించి మాత్రం బాగా చెప్పాడు. "డిసెంబర్ల పగలు నాలుగు గంటలే అన్నా, క్లాసుకి పోయేటప్పుడు చీకటే వచ్చేటప్పుడు చీకటే, మొదటి ఏడాది మస్తు డిప్రెషన్ వచ్చింది." అర్ఖాంగెల్స్క్‌లోనే ఇలా ఉంటే సెదోవ్ వాళ్ళున్న చోట సూర్యుడు నాలుగు నెలలు అసలు రాడు.

ఆదివారం, సొలొంబలా

బస్సులో వంతెన దాటితే సొలొంబలా, పీటర్ కాలం నుంచీ ఓడలు కట్టిన పేట. స్మశానంలో పాఖ్తూసోవ్ సమాధి, ఎత్తయిన చెట్ల నీడలో. దోమలకి రెండు నిమిషాలు కూడా నిలబడలేకపోయాం. మధ్యాహ్నం నది గట్టు మీద ఉన్న ఉత్తర సముద్ర మ్యూజియం, ఇది తప్పకుండా చూడండి.

సెదోవ్ సంగతి పూర్తి చేస్తా. ఓడ 1912లోనే నొవాయా జెమ్ల్యా దగ్గర మంచులో ఇరుక్కుని దాదాపు ఏడాది కదల్లేదు. నా దృష్టిలో యాత్రలో విలువైన ఏడాది ఇదే. ధ్రువం కుదరకపోయేసరికి సర్వేయర్ నిద్ర లేచాడు. ఒక నావికుణ్ణి తీసుకుని స్లెడ్జి మీద వందల కిలోమీటర్లు తిరిగి ద్వీపం ఉత్తరపు కొస దాకా తీరం గీశాడు, పాత మ్యాపుల్లో తప్పులు బయటపడ్డాయి. వీజె అనే కుర్ర సైంటిస్టు ద్వీపాన్ని అడ్డంగా దాటి కారా సముద్రం వైపు వెళ్ళొచ్చాడు, వాతావరణం లెక్కలు క్రమం తప్పకుండా రాశారు. ఐదుగురిని పడవలో వెనక్కి పంపి బొగ్గు పంపమన్నారు, బొగ్గు రాలేదు.

1913 శరత్కాలంలో మంచు వదిలితే, వెనక్కి తిప్పకుండా ఇంకా ఉత్తరాన ఉన్న ఫ్రాంజ్ జోసెఫ్ ల్యాండ్ అనే ద్వీపాల గుంపుకి పోనిచ్చాడు. హూకర్ ద్వీపంలో తీఖాయా బేలో రెండో చలికాలం. బొగ్గు లేదు, కాల్చడానికి వాల్రస్ కొవ్వు, ఓడ చెక్కలు. స్కర్వీ, అంటే విటమిన్ సి అందక వచ్చే జబ్బు, పట్టుకుంది. వాల్రస్, ఎలుగుబంటి పచ్చి మాంసం తిన్నవాళ్ళు నిలబడ్డారు, అది గొంతు దిగనివాళ్ళకి చిగుళ్ళు వాచి కాళ్ళు చచ్చుబడ్డాయి. సెదోవ్‌కీ వచ్చింది. అయినా 1914 ఫిబ్రవరి 15న లిన్నిక్, పుస్తోష్నీ అనే ఇద్దరు నావికులతో, మూడు స్లెడ్జిలు, 24 కుక్కలతో బయల్దేరాడు. అక్కడి నుంచి ధ్రువం వెయ్యి కిలోమీటర్ల పైన. కొన్ని రోజులకే నడవలేకపోయాడు, స్లెడ్జి మీద కట్టేయించుకున్నాడు, చేతిలో దిక్సూచి వదల్లేదు, వీళ్ళు ఎక్కడ దక్షిణానికి తిప్పేస్తారో అని. మార్చి 5న రుడాల్ఫ్ ద్వీపం దగ్గర డేరాలో ప్రాణం పోయింది. వాళ్ళిద్దరూ రాళ్ళు పేర్చి పాతిపెట్టి తిరిగొచ్చారు, ఫ్రామ్ అనే కుక్క మాత్రం అక్కడి నుంచి కదల్లేదట.

ఆ ఇద్దరి పేర్లు ఎక్కడా పెద్దగా కనబడవు. ప్రమాదమని తెలిసినా ఆయనతో వెళ్ళారు, వాళ్ళే లేకపోతే ఈ కథ చెప్పడానికి ఎవరూ మిగిలేవారు కాదు.

సోమవారం, ఎయిర్‌పోర్టులో

ఫ్లైటు లేటు. టైము ఉంది కాబట్టి మ్యూజియం చూశాక మా వాడు చెప్పింది కూడా రాసేస్తా.

1914 వేసవిలో ఫోకా తిరుగు ప్రయాణంలో అదే ద్వీపాల్లోని ఫ్లోరా అనే కొస దగ్గర ఆగింది, అక్కడున్న పాత చెక్క గుడిసెలు విరిచి పొయ్యిలో వేసుకోడానికి. అక్కడ ఇద్దరు మనుషులు కనబడ్డారు. అల్బానోవ్, కొన్‌రాద్, మంచులో చిక్కుకుపోయిన సెయింట్ అన్నా అనే వేరే ఓడ నుంచి నడిచొచ్చినవాళ్ళలో మిగిలింది వీళ్ళే. ఓడ మళ్ళీ ఎవరికీ కనబడలేదు. అల్బానోవ్ దగ్గర ఆ ఓడ మంచుతో పాటు ఎటు కొట్టుకుపోయిందో ఏ రోజు ఎక్కడుందో రాసిన లెక్కలున్నాయి. సొంత డెక్కూ గోడలూ కాల్చుకుంటూ ఫోకా ఆగస్టు ఆఖరికి రష్యా తీరం చేరింది, అప్పటికి మొదటి ప్రపంచ యుద్ధం మొదలైపోయింది, వీళ్ళని పట్టించుకున్నవాడు లేడు.

పదేళ్ళ తర్వాత, 1924లో, ఫోకాలో ఉన్న ఆ వీజె ఈ లెక్కలు ముందేసుకుని కూర్చున్నాడు. ఓడ ఒకచోట ఉండాల్సిన దారి నుంచి పక్కకి తిరిగింది, అంటే మంచుని ఏదో అడ్డుకుంటోంది, అక్కడ ఎవరూ చూడని నేల ఉండి తీరాలి అని కాగితం మీద తేల్చాడు. 1930 ఆగస్టులో ఒక ఐస్‌బ్రేకరు అటు వెళ్ళింది, వీజె కూడా అందులోనే ఉన్నాడు, చెప్పిన ప్రాంతంలోనే ద్వీపం దొరికింది, ఇప్పుడు దాని పేరు వీజె ద్వీపం. ఆ ఐస్‌బ్రేకరు పేరు గియోర్గీ సెదోవ్.

"చూశావా బావా, కర్ర కన్నా కాగితమే" అని వాడు మళ్ళీ మొదలుపెట్టాడు. ఫోకా అటు పోకపోతే ఆ కాగితం తెచ్చేదెవరు, ఫోకాని అంత దూరం తీసుకెళ్ళింది ధ్రువం పిచ్చే కదరా అన్నా. దానికి జవాబు చెప్పేలోపు బోర్డింగ్ పిలిచారు.